హెపటైటిస్ బి: వైరస్‌ని అదుపులో పెట్టేదీ, కాలేయాన్ని దెబ్బతీసేదీ మన కణాలే

చాలామందికి తమ ఒంట్లో హెపటైటిస్ బి ఉన్న సంగతి అనుకోకుండా బయటపడుతుంది. గల్ఫ్ వెళ్లేందుకు మెడికల్‌కి వెళ్తే అన్‌ఫిట్ అంటారు. రక్తదానం చేసిన కొన్నాళ్లకి బ్లడ్ బ్యాంక్ నుంచి ఫోన్ వస్తుంది. ఏదో ఆపరేషన్‌కో, కాన్పుకో ముందు చేసిన పరీక్షల్లో హెచ్‌బీఎస్‌ఏజీ (రక్తంలో వైరస్ పైతొడుగు ప్రోటీన్ ఉందో లేదో చూసే పరీక్ష) పాజిటివ్ అని తేలుతుంది. అప్పటిదాకా ఒక్కరోజు కూడా ఒంట్లో బాగోలేదని పడుకోని మనిషి ఆ కాగితం పట్టుకుని ఇంటికొస్తాడు. ఇంట్లో చెప్పాలా వద్దా అన్న టెన్షన్ అప్పుడే మొదలవుతుంది.

ఆ తర్వాత రెండో విడత పరీక్షలు. అసలు గందరగోళం ఇక్కడే. ఇరవై ఏళ్ల కుర్రాడు ఒకడున్నాడనుకుందాం. అతని వైరల్ లోడ్ కోట్లలో ఉంది, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ మాత్రం 25, అంటే మామూలే. అదే వార్డులో నలభై ఐదేళ్ల ఆయనకి వైరల్ లోడ్ వేలల్లోనే ఉంది, ఎస్‌జీపీటీ మాత్రం బాగా ఎక్కువ, 180. డాక్టరుగారు కుర్రాడితో ‘కొన్నాళ్లు చూద్దాం, ఆరు నెలలకోసారి టెస్టులు చేయించుకో’ అని, పెద్దాయనకి మాత్రం ఆ రోజే మాత్రలు రాశారు. వైరస్ కోట్లలో ఉన్నవాడిని వదిలేసి వేలల్లో ఉన్నవాడికి మందులేమిటని రెండు కుటుంబాలూ అయోమయంలో పడతాయి.

హెపటైటిస్ బి వైరస్ తనంతట తాను కాలేయ కణాన్ని చంపదు. కణంలో చేరుతుంది, కాపీల మీద కాపీలు తీసుకుంటుంది, అవి రక్తంలోకి వెళ్తుంటాయి. కణం మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఎస్‌జీపీటీ కాలేయ కణాల లోపల ఉండే ఒక ఎంజైము. కణం దెబ్బతిన్నప్పుడు అది రక్తంలోకి కారుతుంది. ఇక్కడ ఆ దెబ్బ కొట్టేవి మన రోగనిరోధక కణాలే. వైరస్ ఎంత ఉందో వైరల్ లోడ్ చెబుతుంది. దాని మీద మన కణాలు ప్రస్తుతం ఎంత గట్టిగా పడుతున్నాయో ఎస్‌జీపీటీ సుమారుగా చెబుతుంది. ఈ రెండు అంకెలూ కలిసి పెరగాలనీ, కలిసి తగ్గాలనీ ఏమీ లేదు. రద్దీగా ఉండే ఓపీలో ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి, ఇక్కడ నిదానంగా చెప్పుకుందాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో 25.4 కోట్ల మందికి దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉంది. అందులో 2.98 కోట్ల మంది భారతీయులు. ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు 11 లక్షల మంది దీనివల్ల, ముఖ్యంగా కాలేయం మచ్చలతో నిండిపోయే సిర్రోసిస్‌తో, లివర్ క్యాన్సర్‌తో చనిపోయారు. తనంతట తాను కణాన్ని చంపని వైరస్ వల్ల ఇన్ని చావులు ఎందుకో తెలియాలంటే ముందు అది ఒంట్లోకి వచ్చే తీరు చూడాలి.

చడీచప్పుడు లేకుండా

ఈ వైరస్ డీఎన్‌ఏ మొత్తం కలిపి సుమారు 3,200 అక్షరాలు. మనిషి డీఎన్‌ఏ 300 కోట్ల అక్షరాలని గుర్తుచేసుకుంటే ఇదెంత చిన్నదో తెలుస్తుంది. పైత్యరస లవణాలను కాలేయ కణంలోకి చేరవేసే ఎన్‌టీసీపీ అనే ప్రోటీన్‌ని పట్టుకుని లోపలికి వెళ్తుంది. ఈ సంగతిని బీజింగ్‌లో వెన్‌హుయ్ లీ బృందం 2012లో బయటపెట్టింది. ఆ ప్రోటీన్ ప్రధానంగా కాలేయ కణాల మీదే ఉంటుంది కాబట్టే ఈ వైరస్ కాలేయాన్నే పట్టుకుంటుంది. లోపలికి వెళ్లాక దాని డీఎన్‌ఏ కణకేంద్రకంలో చేరి, రెండు కొసలూ మూసుకుపోయిన గుండ్రటి ఉంగరంలా మారుతుంది. దీన్ని సీసీసీడీఎన్‌ఏ అంటారు. ఈ ఉంగరం ఉన్నంతకాలం వైరస్ మళ్లీ మళ్లీ పుడుతూనే ఉంటుంది. ఇప్పుడు వాడుతున్న మాత్రలేవీ దాన్ని తుడిచెయ్యలేవు.

ఫ్లూ వస్తే ఒకటి రెండు రోజుల్లోనే జ్వరం, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. వైరస్ చొరబడిందని కణాలు గుర్తించి ఇంటర్‌ఫెరాన్లనే హెచ్చరిక రసాయనాలు విడుదల చేయడం వల్ల అలా జరుగుతుంది. హెపటైటిస్ బి విషయంలో ఆ హెచ్చరిక ఉండదు. వైరస్ ఎక్కించిన చింపాంజీల కాలేయంలో జన్యువుల కదలికను వారం వారం పరిశీలించిన 2004 నాటి అధ్యయనంలో, వైరస్ విస్తరిస్తున్న తొలి వారాల్లో కాలేయం దాదాపు ఏ స్పందనా చూపలేదని తేలింది. లక్షణాలు కనబడటానికి ఒకటి నుంచి నాలుగు నెలలు పట్టేది ఇందుకే. అప్పటికి వైరస్ కాలేయంలో చాలా భాగాన్ని ఆక్రమించేసి ఉంటుంది.

సందుల్లోంచి చేతులు చాచే కణాలు

అంత ఆలస్యంగా మేలుకున్నా, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో నూటికి 95 మందికి పైగా ఈ వైరస్‌ని తమంతట తామే అణిచేస్తారు. ఆ పనిలో అసలు భారం మోసేవి రోగనిరోధక కణాల్లో ఒక రకమైన సీడీ8 టి కణాలు. ఇది ఊహతో అన్న మాట కాదు. 2003లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఇన్ఫెక్షన్ ఉన్న చింపాంజీలలో ఒకదానికి సీడీ8 కణాలను, మరొకదానికి సీడీ4 అనే మరో రకం టి కణాలను తాత్కాలికంగా తీసేశారు. సీడీ4 కణాలు లేని చింపాంజీలో వైరస్ మామూలుగానే తగ్గింది. సీడీ8 కణాలు లేనిదానిలో మాత్రం ఆ కణాలు తిరిగొచ్చేదాకా వైరస్ కదల్లేదు.

అలాగని సీడీ4 కణాలు పనికిరావని అనుకోకూడదు. వాటి పని మొదట్లో ఉంటుంది. ఇన్ఫెక్షన్‌కి ముందే సీడీ4 కణాలను తీసేస్తే సీడీ8 కణాలు సరిగా తయారే కావనీ, కొద్దిపాటి వైరస్ కూడా ఒంట్లో పాతుకుపోతుందనీ 2009లో మరో చింపాంజీ అధ్యయనం చూపింది.

సీడీ8 కణం వైరస్ ఉన్న కణాన్ని ఎలా చేరుతుందన్నది నన్ను బాగా ఆకట్టుకున్న విషయం. చాలా అవయవాల్లో టి కణాలు రక్తనాళం గోడ దాటి బయటికొచ్చి కణజాలంలో తిరగాలి. కాలేయంలోని సన్నటి రక్తనాళాల కథ వేరు. వాటి గోడలకి జల్లెడలా చిల్లులుంటాయి. ఒక్కో చిల్లు మిల్లీమీటరులో పదివేల వంతు ఉంటుంది, అంతే. మిలాన్‌లో గిడోటి, యన్నకోనె బృందం బతికున్న ఎలుకల కాలేయంలోకి మైక్రోస్కోప్‌తో చూసి 2015లో ఒక వింత బయటపెట్టింది. రక్తనాళంలో అతుక్కుని ఉన్న ప్లేట్‌లెట్ల గుంపు దగ్గర సీడీ8 కణం ఆగుతుంది. అక్కణ్నుంచి గోడ వెంబడి మెల్లగా పాకుతూ, చిల్లుల్లోంచి సన్నటి వేళ్లలాంటి పోగులు అవతలికి చాచి, కాలేయ కణాలను ఒక్కొక్కటిగా తడిమి చూస్తుంది. వైరస్ ముక్క దొరికితే రక్తనాళంలోంచే తన పని మొదలుపెడుతుంది, గోడ దాటాల్సిన పని లేదు. కాలేయం గట్టిపడి ఫైబ్రోసిస్ వస్తే ఈ చిల్లులు మూసుకుపోతాయి. అప్పుడు వైరస్‌ని వెతికే కణాలకి దారే ఉండదు. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ రిపోర్టును నిర్లక్ష్యం చేయకూడదనడానికి ఇదీ ఒక కారణమని నేననుకుంటాను.

దొరికిన కణాన్ని సీడీ8 కణం చంపగలదు. కానీ కాలేయంలో సగానికి పైగా కణాల్లో వైరస్ ఉంటే అన్నిటినీ చంపుకుంటూ పోతే మనిషే మిగలడు. ఇక్కడ రెండో పద్ధతి పనికొస్తుంది. సీడీ8 కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా, టీఎన్‌ఎఫ్ అనే రసాయనాలు విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో చుట్టూ ఉన్న కాలేయ కణాలు చావకుండానే తమలోని వైరస్ తయారీని ఆపేస్తాయి. చింపాంజీల మీద 1999లో వచ్చిన పరిశోధనలో, కాలేయానికి ఎక్కువ దెబ్బ తగలకముందే వైరస్ డీఎన్‌ఏలో చాలా భాగం మాయమైనట్టు కనబడింది. వైరస్‌ని అదుపు చేయడమూ కాలేయాన్ని దెబ్బతీయడమూ రెండు వేర్వేరు పనులన్నమాట. ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషిలో మొదటిది ఎక్కువగా, రెండోది తక్కువగా జరుగుతుంది. దీర్ఘకాలిక రోగంలో ఈ లెక్క తారుమారవుతుంది.

బి కణాలు తయారుచేసే యాంటీబాడీల పని మరోటి. రక్తంలో తిరుగుతున్న వైరస్ కొత్త కణాల్లోకి దూరకుండా అవి పట్టుకుంటాయి. దానికీ వైరస్ దగ్గర విరుగుడుంది. వైరస్ పైతొడుగు ప్రోటీన్‌తో, లోపల డీఎన్‌ఏ ఏమీ లేని ఖాళీ గుళికలను అసలు వైరస్‌కి వెయ్యి రెట్ల నుంచి లక్ష రెట్ల వరకూ రక్తంలోకి వదులుతుంది. యాంటీబాడీలు వీటికి అంటుకుని ఖర్చైపోతాయి. ల్యాబులో హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని వచ్చేది ఎక్కువగా ఈ ఖాళీ గుళికల వల్లే.

పసరు సంగతి

కామెర్లొస్తే పసరు పోయించడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. ‘ఫలానా ఊళ్లో మూడు పూటలు పసరు తాగితే తగ్గింది’ అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకి నిజంగానే తగ్గింది. హెపటైటిస్ ఎ, ఇ దాదాపు అందరిలోనూ వాటంతటవే తగ్గుతాయి. పెద్దవయసులో కొత్తగా వచ్చిన హెపటైటిస్ బి నూటికి 95 మందిలో తగ్గిపోతుంది. పైగా కళ్లు పచ్చబడేసరికే టి కణాలు పనిలో ఉంటాయి, వైరస్ అప్పటికే తగ్గుముఖం పట్టి ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలో తాగిన పసరుకి పేరొస్తుంది.

ఈ నమ్మకాన్ని శాస్త్రవేత్తలు చిన్నచూపు చూశారనీ అనలేం. హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూక్ బ్లంబర్గ్, మద్రాసులోని త్యాగరాజన్ బృందంతో కలిసి నేల ఉసిరి మీద చేసిన పరీక్ష ఫలితాలు 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. నేల ఉసిరి ఇచ్చిన 37 మందిలో 22 మందికి హెచ్‌బీఎస్‌ఏజీ పోయిందనీ, ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయిందనీ అందులో రాశారు. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. పసరుతో అసలు ప్రమాదం ఎక్కడుందంటే, కామెర్లు తగ్గాయి కదా అని ఆరు నెలల తర్వాత హెచ్‌బీఎస్‌ఏజీ మళ్లీ చేయించుకోకపోవడంలో ఉంది. ఆ పరీక్షలో ఇంకా పాజిటివ్ వస్తే అది దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్. అది తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి.

పసిబిడ్డకి ఎందుకు చేతకాదు

పుట్టుకప్పుడు తల్లి నుంచి వైరస్ సోకిన బిడ్డల్లో సుమారు నూటికి 90 మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే అలా ఉండిపోయేది నూటికి అయిదుగురిలోపే. వైరస్ అదే, వయసే తేడా.

కారణంలో కొంత కాలేయం స్వభావంలోనే ఉంది. కాలేయానికి వచ్చే రక్తంలో ముప్పావు వంతు పేగుల నుంచి వస్తుంది. అందులో తిన్న తిండి ప్రోటీన్లూ, పేగుల్లోని బ్యాక్టీరియా ముక్కలూ నిరంతరం ఉంటాయి. ప్రతిదానికీ రోగనిరోధక కణాలు రెచ్చిపోతే ఒక్కపూట భోజనం కూడా అరిగించుకోలేం. అందుకే కొత్తగా కనిపించినవాటిని ఓర్చుకునే గుణం కాలేయానికి ఎక్కువ. కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ 1969లో పందులకు కాలేయ మార్పిడి చేసినప్పుడు, వేరే పంది కాలేయాన్ని కొన్ని పందులు ఏ మందులూ లేకుండానే ఒప్పుకున్నాయి. చెత్తనీ సూక్ష్మజీవుల్నీ మింగేసే మాక్రోఫేజ్ కణాల్లో, శరీరంలో ఒకచోట స్థిరంగా ఉండేవాటిలో అత్యధిక భాగం, నూటికి 80కి పైగా, కాలేయంలోనే కుఫర్ కణాలుగా ఉంటాయి. ఈ ఓర్పును కాపాడటంలో వాటిది పెద్ద పాత్ర. టి కణం ఒక వైరస్‌ని మొట్టమొదట కాలేయంలోనే చూస్తే దాని చురుకు తగ్గిపోతుంది. పసిబిడ్డ టి కణాలు అసలే కొత్తవి, వైరస్ కోట్లలో వస్తోంది, చూసే చోటు కాలేయం. మూడూ కలిసి వైరస్‌కి అనుకూలిస్తాయి.

అదే బిడ్డకి తొడ కండరంలో టీకా వేస్తే మాత్రం చక్కగా యాంటీబాడీలు తయారవుతాయి. కండరంలో వేసిన ప్రోటీన్‌ని మరో రకం కణాలు మోసుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి తీసుకెళ్తాయి. అక్కడి వాతావరణం టి, బి కణాలను మేల్కొలిపేది. అందుకే పుట్టిన 24 గంటల్లో వేసే డోసుకి అంత విలువ. ఆ గంటలు దాటితే వైరస్ కాలేయంలో సర్దుకుంటుంది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకాను దేశీయంగా తయారుచేసి ధరను నేలకి దించడం వల్లే ఇది సామాన్యులకి అందే వస్తువైంది. 2011 నాటికి దేశమంతటా ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో చేరింది.

మొదట్లో చెప్పిన కుర్రాడి దగ్గరికి వద్దాం. పుట్టుకతో వైరస్ సోకినవాళ్లలో ఎక్కువమంది అలాగే ఉంటారు, కోట్లలో వైరస్, మామూలు ఎస్‌జీపీటీ. వీళ్ల రోగనిరోధక వ్యవస్థ వైరస్‌ని తనదిగా ఒప్పేసుకుందని చాలాకాలం అనుకున్నారు. 2012లో లండన్‌లో పిల్లల్నీ యువకుల్నీ పరీక్షించినప్పుడు, వాళ్లలోనూ వైరస్‌ని గుర్తించే టి కణాలు ఉన్నాయనీ, పెద్ద రోగులతో పోలిస్తే మెరుగ్గానే పనిచేస్తున్నాయనీ తేలింది. అందువల్ల ‘ఈ వయసులో ఏమీ కాదు’ అన్న ధీమా నెమ్మదిగా సడలుతోంది. మందులు ఎవరికి ముందే మొదలుపెట్టాలన్న నియమాలనూ ఇటీవల విస్తరిస్తున్నారు. కుర్రాడు ఆరు నెలల పరీక్ష మానకూడదన్నది మాత్రం ఏ నియమంలోనూ మారలేదు.

అలిసిపోయిన టి కణాలు

ఏళ్ల తరబడి వైరస్ ముక్కలు కళ్లముందే ఉంటే టి కణాలు ఏమవుతాయి? ఈ ప్రశ్నకి జవాబు వెతికినవాళ్లలో ముఖ్యుడు హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డ రఫీ అహ్మద్. ఎలుకల్లో ఎల్‌సీఎంవీ అనే వైరస్‌తో ఆయన బృందం చేసిన పనిలో, దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు టి కణాలు చచ్చిపోకుండానే చేతకానివిగా మారతాయని 1998లో తేలింది. కణం ఉంటుంది, వైరస్‌ని గుర్తుపడుతుంది, చంపదు, ఇంటర్‌ఫెరాన్ వదలదు. 2006లో ఇదే బృందం ఆ కణాల ఉపరితలం మీద పీడీ-1 అనే ప్రోటీన్ దండిగా ఉందనీ, దాన్ని అడ్డుకుంటే కణాలు మళ్లీ పనిలోకి వస్తాయనీ చూపింది. మరుసటి ఏడాదే ఇటలీలోని పార్మాలో హెపటైటిస్ బి రోగుల టి కణాల్లోనూ అదే కనబడింది.

పీడీ-1 ఒక బ్రేకు. అది లేకపోతే ప్రతి ఇన్ఫెక్షన్‌లోనూ మన కణాలు హద్దు మీరి మనల్నే తినేస్తాయి. కోట్లాది కాలేయ కణాల్లో వైరస్ ఉన్న మనిషిలో టి కణాలన్నీ ఒక్కసారిగా విజృంభిస్తే కాలేయం కుప్పకూలుతుంది. అందుకే ఈ అలసటని శరీరం చేసిన పొరపాటని నేను అనలేను. ప్రాణం నిలబెట్టుకోవడానికి అది చేసుకున్న రాజీలా కనిపిస్తుంది. కాకపోతే దాని ఖరీదు ఎక్కువ.

టి కణాలను కుంగదీసేవి ఇంకా ఉన్నాయి. మంట ఉన్న కాలేయంలో కొన్ని కణాలు ఆర్జినేజ్ అనే ఎంజైము వదిలి, టి కణాలకి కావలసిన ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని తినేస్తాయి. నియంత్రణ టి కణాలు మిగతావాటిని శాంతింపజేస్తాయి. వీటన్నిటికన్నా ఆశ్చర్యం ఎన్‌కే కణాల తీరు. కాలేయంలోని లింఫోసైట్లలో మూడోవంతు దాకా ఇవే ఉంటాయి. వైరస్ సోకిన కణాలను చంపడం వీటి పనని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. లండన్‌లో మాలా మైనీ బృందం 2013లో చూపినదేమంటే, దీర్ఘకాలిక హెపటైటిస్ బిలో ఇవి వైరస్‌తో పోరాడాల్సిన టి కణాలనే ట్రెయిల్ అనే ప్రోటీన్ ద్వారా చంపేస్తాయి. కాలేయ కణాలనూ అదే దారిలో దెబ్బతీస్తాయి.

నష్టం చేసేదెవరు

ఇప్పుడు ఎస్‌జీపీటీ 180 వచ్చిన పెద్దాయన. ఎస్‌జీపీటీ ఎక్కువంటే టి కణాలు వైరస్ మీద బాగా పనిచేస్తున్నట్టే కదా, మంచిదే కదా అని అడగొచ్చు. మైనీ, మరో పరిశోధకుడు బెర్టోలెటి తదితరులు 2000లో ప్రచురించిన అధ్యయనం ఈ అనుమానాన్ని తీరుస్తుంది. వైరస్ అదుపులో ఉండి కాలేయం బాగున్నవాళ్లనూ, వైరస్ ఎక్కువై కాలేయం వాచినవాళ్లనూ పోల్చారు. వైరస్‌ని గుర్తుపట్టే సీడీ8 కణాలు రెండు గుంపుల కాలేయాల్లోనూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. వాచిన కాలేయాల్లో అదనంగా కనబడినవి, ఈ వైరస్‌తో ఏ సంబంధమూ లేని, దాన్ని గుర్తుపట్టనే లేని కణాల మందలు.

గురి ఉన్న కొన్ని కణాలు చాలినంత బలంగా ఉంటే వైరస్ నిశ్శబ్దంగా అణిగి ఉంటుంది, ఎస్‌జీపీటీ కదలదు. అవి అలిసిపోతే మంట మాత్రం రగులుతూ ఉంటుంది, ఆ మంటకి ఎక్కడెక్కడి కణాలో వచ్చి చేరతాయి. గురి లేని ఆ గుంపు చేసే పని ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే ఉంటుంది. వైరస్ పోదు, కాలేయ కణాలు చస్తుంటాయి, కొత్తవి పుడుతుంటాయి, మళ్లీ చస్తుంటాయి. ఈ మంట వల్ల కాలేయంలోని స్టెల్లేట్ కణాలు మేలుకుని మచ్చ కణజాలాన్ని పేర్చుకుంటూ పోతాయి. ఫైబ్రోసిస్, సిర్రోసిస్ అలా వస్తాయి. మాటిమాటికీ చచ్చి పుట్టే కణాల్లో జన్యు లోపాలు పేరుకుంటాయి, వైరస్ డీఎన్‌ఏ ముక్కలు మన డీఎన్‌ఏలో అతుక్కుంటాయి. లివర్ క్యాన్సర్‌కి దారి అది. సిర్రోసిస్ రాకుండానే కొందరికి క్యాన్సర్ రావడానికి కారణమూ ఆ రెండోదే.

అణిగి ఉంది, పోలేదు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోమంటాను.

హెపటైటిస్ బి వచ్చి పూర్తిగా తగ్గిపోయిందని, హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్ వచ్చిందని సంతోషించినవాళ్ల కాలేయ కణాల్లో కూడా ఆ డీఎన్‌ఏ ఉంగరాలు కొన్ని మిగిలే ఉంటాయి. కోలుకుని దశాబ్దాలైనవాళ్ల రక్తంలో లేశమాత్రం వైరస్‌నీ, దానిమీద ఇంకా చురుగ్గా ఉన్న టి కణాలనూ 1996లో బార్బరా రెహర్‌మన్ తదితరులు కనుగొన్నారు. ఆ కొద్దిపాటి వైరస్ మన టి కణాలను మెలకువగా ఉంచుతోంది, ఆ కణాలు వైరస్‌ని లేవకుండా ఉంచుతున్నాయి. ఇది మనకి తెలియకుండా ముప్ఫై ఏళ్లు, నలభై ఏళ్లు సాగుతుంది.

ఏదైనా మందు మన రోగనిరోధక కణాలను అణిచేస్తే వైరస్ మళ్లీ లేస్తుంది. లింఫోమాకీ కొన్ని రకాల కీళ్లవాతానికీ ఇచ్చే రిటుక్సిమాబ్ బి కణాలను తుడిచిపెడుతుంది. పాత హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో దీనివల్ల వైరస్ తిరగబెట్టి కాలేయం చెడి చనిపోయినవాళ్లున్నారు. బి కణాలు ఈ వైరస్ అదుపులో ఎంత ముఖ్యమో వైద్యులకి బాగా తెలిసొచ్చింది ఈ మందు వల్లే. కీమోథెరపీ, ఎముక మజ్జ మార్పిడి, ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడే స్టెరాయిడ్లు కూడా ఈ ప్రమాదం తెస్తాయి. కాలేయం చెడేది చాలాసార్లు మందు ఆపిన తర్వాత, అణిగిన కణాలు ఒక్కసారిగా తిరిగొచ్చి వైరస్‌తో నిండిన కాలేయాన్ని చూసినప్పుడు. దీన్ని ఆపడం కష్టమైన పనేం కాదు. ఆ చికిత్సలకి ముందు హెచ్‌బీఎస్‌ఏజీతో పాటు యాంటీ హెచ్‌బీసీ టోటల్ అనే పరీక్ష కూడా చేయించి, అవసరమైతే ముందుగానే వైరస్‌ని అణిచే ఎంటెకావిరో టెనోఫోవిరో మొదలుపెట్టాలి. హెచ్‌బీఎస్‌ఏజీ ఒక్కటే చేస్తే పాత ఇన్ఫెక్షన్ దొరకదు. మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ చికిత్స మొదలవుతుంటే, ఎప్పుడో కామెర్లొచ్చి తగ్గాయన్న సంగతి చిన్నదని వదిలెయ్యకుండా డాక్టరుతో చెప్పండి, ఈ పరీక్ష పేరెత్తి అడగండి. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

మళ్లీ లేపగలమా

టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు వైరస్ కాపీలు తీసుకోకుండా ఆపుతాయి. వైరల్ లోడ్ పడిపోతుంది, మంట చల్లారుతుంది, ఫైబ్రోసిస్ కొంత వెనక్కి కూడా వెళ్తుంది. క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. ఇది చిన్న మేలేమీ కాదు, అందుకే ‘రిపోర్టు బాగుంది కదా’ అని సొంతంగా మాత్రలు ఆపేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది. మాత్ర ఆగగానే ఉంగరం నుంచి వైరస్ తిరిగొస్తుంది, ఎస్‌జీపీటీ వందల్లోకి పోవచ్చు. కానీ ఈ మాత్రలతో హెచ్‌బీఎస్‌ఏజీ పోయేవాళ్లు ఏడాదికి నూటికి ఒక్కరు కూడా ఉండరు. ఖాళీ గుళికలు వస్తూనే ఉంటాయి, టి కణాలు అలసిపోయే ఉంటాయి.

హెపటైటిస్ సితో పోలిస్తే తేడా తెలుస్తుంది. అక్కడ కూడా టి కణాలు ఇలాగే అలిసిపోతాయి. కానీ ఆ వైరస్‌కి కేంద్రకంలో దాచుకునే ఉంగరం లేదు. కాబట్టి నేటి మాత్రలతో రెండు మూడు నెలల్లోనే నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది, రోగనిరోధక కణాల సాయం లేకపోయినా. హెపటైటిస్ బికి ఆ సౌకర్యం లేదు. మాత్ర ఎంత మంచిదైనా చివరి పని కణాలే చెయ్యాలి.

చెయ్యగలవని చూపే రుజువులు కొన్ని ఉన్నాయి. హెపటైటిస్ బి ఉన్న రోగికి మరో జబ్బు కోసం ఎముక మజ్జ మార్పిడి చేసినప్పుడు, దాత ఈ వైరస్‌ని జయించినవాడైతే, కొందరు రోగుల్లో హెచ్‌బీఎస్‌ఏజీ పోయినట్టు హాంకాంగ్ వైద్యులు 1990లలో గమనించారు. దాత రోగనిరోధక కణాలు వచ్చి పని పూర్తిచేశాయన్నమాట. వైరస్‌ని గుర్తుపట్టేలా ప్రయోగశాలలో మార్చిన టి కణాలను ఎక్కించే ప్రయత్నాలు, ముఖ్యంగా లివర్ క్యాన్సర్ రోగుల్లో, సింగపూర్‌లోని బెర్టోలెటి చొరవతో సాగుతున్నాయి. పీడీ-1 బ్రేకు తీసే నివోలుమాబ్ మందును 24 మంది హెపటైటిస్ బి రోగులకి ఒక్క డోసు, అదీ చాలా తక్కువ మోతాదులో ఇచ్చి చూసిన ఫలితాలు 2019లో వచ్చాయి. ఒక్క మనిషిలో హెచ్‌బీఎస్‌ఏజీ పూర్తిగా పోయింది. అది పోవడానికి ముందు, మందు ఇచ్చిన నాలుగో వారంలో అతనికి ఎస్‌జీపీటీ బాగా పెరిగి, మళ్లీ దిగింది. కణాలు నిద్రలేచినప్పుడు ఏం జరుగుతుందో ఆ ఒక్క రిపోర్టులో కనబడుతుంది.

ముందు ఖాళీ గుళికలను తగ్గించి, తర్వాత కణాలను లేపాలన్నది ఇప్పుడు ఎక్కువమంది పట్టుకున్న ఆలోచన. నాకూ అదే సరైనదనిపిస్తుంది. ఎదురుగా కోట్ల కొద్దీ వైరస్ ప్రోటీన్ ఉండగా లేపిన కణం మళ్లీ అలిసిపోవడానికి ఎంతోకాలం పట్టదు. వైరస్ ఆర్‌ఎన్‌ఏని పట్టుకుని ప్రోటీన్ తయారీని ఆపే బెపిరోవిర్‌సెన్ అనే ఇంజెక్షన్‌ని వారానికోసారి 24 వారాలు ఇచ్చినప్పుడు, సుమారు పది మందిలో ఒకరికి హెచ్‌బీఎస్‌ఏజీ, వైరస్ డీఎన్‌ఏ రెండూ పోయి, ఇంజెక్షన్ ఆపాక ఆరు నెలల తర్వాత కూడా రాలేదని 2022లో ప్రచురించారు. మొదట్లోనే హెచ్‌బీఎస్‌ఏజీ తక్కువ ఉన్నవాళ్లలో ఫలితం ఇంకా మెరుగ్గా ఉంది.

ఇలాంటి పరీక్షలకి సాధారణంగా సిర్రోసిస్ లేనివాళ్లనే తీసుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న కాలేయం అలాంటి ఎస్‌జీపీటీ పెరుగుదలని తట్టుకుని కోలుకోగలదు. మచ్చలతో నిండిన కాలేయంలో అదే పెరుగుదల ప్రాణం తీయొచ్చు. కాబట్టి ఈ మందులు వచ్చేనాటికి వాటిని వాడుకునే స్థితిలో ఉండాలంటే, ఈరోజు టెనోఫోవిర్ వేసుకుంటున్నవాళ్లు అది మానకూడదు, ఇప్పుడే మందు అవసరం లేదని డాక్టరు చెప్పినవాళ్లు ఆరు నెలల పరీక్ష మానకూడదు, ఫైబ్రోస్కాన్ చెయ్యమన్నప్పుడు వాయిదా వెయ్యకూడదు.